బొమ్మ రైలు ఈడుస్తుంటే ముందు మోటర్‌ని అనుమానించకండి

నమస్కారం అండీ. ఈ ఇంజిన్ చూడండి. సెల్స్ కొత్తవి, ఇందాకే వేశాను. స్విచ్ వేస్తే కదిలింది గానీ, పట్టా వంపు తిరిగే చోట... ఇదిగో, ఆగిపోయింది. వేలితో తోస్తే మళ్ళీ కాస్త దూరం పోతుంది. "కొత్త సెల్స్ వేసినా ఈడుస్తోంది, మోటర్ మార్చాలా?" అని చాలామంది అడుగుతుంటారు. నేను విప్పిన వాటిలో ఎక్కువ బళ్ళకి మోటర్ బాగానే ఉంది. దానికి చేరాల్సిన వోల్టేజ్ దారిలోనే పోతోంది.

ఎలా తెలుస్తుందంటారా? ఇందులో రెండు సెల్స్ వరసగా ఉన్నాయి. ఒక్కోటి 1.5, మొత్తం 3 వోల్టులు. బండి నడుస్తుండగా మల్టీమీటర్‌తో సెల్స్ రెండు కొసల మధ్య కొలుస్తున్నాను... 2.9. ఇప్పుడు అదే మోటర్ టెర్మినల్స్ దగ్గర... 1.8. చూశారా, 1.1 వోల్టు మధ్యలో మాయమైంది! నడుస్తుండగానే కొలవాలండీ, ఇది మర్చిపోవద్దు. మోటర్ తీగ విప్పేసి కొలిస్తే అక్కడ కరెంటు పారదు కాబట్టి, చిలుము పట్టిన చోటు దాటినా వోల్టేజ్ పూర్తిగానే కనిపిస్తుంది. ఒక్క ఓమ్ అడ్డు ఉన్నా, బండి అర ఆంపియర్ లాగుతుంటే అర వోల్టు అక్కడే పోతుంది. 3 వోల్టుల బండికి అది చిన్న నష్టం కాదు.

ఎక్కడ పోతోందో పట్టుకోవడానికి ఒక్కో అతుకు దగ్గరా మీటర్ పెట్టండి. సెల్ కొసకీ అది తాకే రేకుకీ మధ్య, స్విచ్‌కి అటూ ఇటూ, టంకం వేసిన చోట అటూ ఇటూ. బాగున్న అతుకు దగ్గర దాదాపు సున్నా చూపించాలి. ఈ బండిలో స్ప్రింగ్ దగ్గరే 0.8 వచ్చింది.

కెమెరా దగ్గరికి తెస్తున్నాను. స్ప్రింగ్ అడుగున, చివరి చుట్టు దగ్గర, ఉప్పు పేరుకున్నట్టు తెల్లగా ఉంది చూడండి. దాని పక్కనే పచ్చటి మరక. ఎప్పుడో ఆల్కలైన్ సెల్ కారింది. అందులోంచి వచ్చేది పొటాషియం హైడ్రాక్సైడ్. గాలి తగిలాక పొటాషియం కార్బొనేట్‌గా మారి ఇలా తెల్లగా గట్టిపడుతుంది. చేతులకి గ్లౌజులు వేసుకోండి, పొడి కళ్ళలో పడకుండా చూసుకోండి. ఇయర్ బడ్‌ని వెనిగర్‌లో ముంచి అద్దితే బుసబుసా నురగ వస్తుంది. ఆ నురగ ఆగేదాకా అద్దండి. తర్వాత నీటితో తుడిచి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, బాగా ఆరనివ్వండి. ఎమరీ పేపర్ పట్టుకుని గట్టిగా రుద్దేయకండి, దయచేసి. పైపూత పోతే ఆ రేకు త్వరగా తుప్పు పట్టేస్తుంది.

ఇంకొకటి, నేను చాలా ఆలస్యంగా గ్రహించింది. ఆ కారుడు స్ప్రింగ్ దగ్గరే ఆగదు. తీగ తొడుగు లోపల నుంచి పాకుతూ పోతుంది. ఈ తీగ పైకి కొత్తదానిలా ఉంది కదా? కొంచెం తొడుగు తీస్తే లోపల రాగి నల్లగా ఉంది. దానికి టంకం అంటదు. ఎర్రటి రాగి కనబడేదాకా కత్తిరించండి, లేదా తీగే మార్చేయండి. ఇక్కడ నేను మార్చేశాను.

వోల్టేజ్ చేరుతోంది, అయినా ఈడుస్తోందంటే చక్రాల వైపు చూడాలి. ఇరుసు చుట్టూ తలవెంట్రుకలు, కార్పెట్ పీచు చుట్టుకుని ఉంటాయి, చిన్న చిమటాతో లాగేయండి. పాత గ్రీజు మైనంలా గట్టిపడి ఉంటే ఆల్కహాల్‌తో తీసి, ప్లాస్టిక్‌కి సరిపడే గ్రీజు కొంచెమే పెట్టండి. మోటర్ షాఫ్ట్ బయటికొచ్చే చోట సూదిమొనతో ఒక్క చుక్క నూనె చాలు. ఎక్కువైతే లోపల కమ్యుటేటర్ మీదికి, అంటే మోటర్‌లో తిరుగుతూ కరెంటు అందుకునే భాగం మీదికి వెళ్తుంది.

మోటర్ జోరుగా తిరుగుతూ బండి కదలకపోతేనో, టిక్ టిక్ మంటూ ఆగాగి కదిలితేనో, షాఫ్ట్ మీది చిన్న గేరుని చూడండి. రెండు పళ్ళ మధ్య వెంట్రుకంత పగులు ఉంటుంది. జిగురుతో అతికించాలని నాకూ అనిపించేది. కానీ అది నిలవదు, పైగా జిగురు జారి షాఫ్ట్‌ని బేరింగ్‌కి పట్టించేస్తుంది. పళ్ళు లెక్కపెట్టి, రంధ్రం కొలిచి కొత్త గేరే వేయండి. చక్రం మీది రబ్బరు పట్టీ ఎండి జారుతుంటే సరిపడే ఓ-రింగ్ (గుండ్రటి రబ్బరు చుట్టు) దొరుకుతుంది.

జపాన్ బొమ్మ రైళ్ళ బ్రాండ్ ప్లారైల్ పట్టాలు 1959లో వచ్చాయి, వాటి మీద మోటర్ బండి 1961లో వచ్చింది. అప్పటినుంచీ ఇలాంటి బళ్ళలో చాలావాటి పని అదే: సెల్, స్విచ్, మోటర్, గేర్లు. అందుకే ఒకటి విప్పడం వస్తే మిగతావాటికి భయపడక్కర్లేదు.

ఇప్పుడు మళ్ళీ కొలుద్దాం. మోటర్ దగ్గర... 2.7. పట్టా మీద పెడుతున్నాను. వంపు వచ్చింది... దాటేసింది! రెండో చుట్టు కూడా. నాకు ఈ శబ్దమంటే ప్రాణం, ఒక్క నిమిషం విననివ్వండి.

సరే. ఇక డబ్బాలో పెట్టేస్తాను. ముందు సెల్స్ తీసేస్తున్నాను, చూడండి, రెండూ.