కాటలినా 22 రివ్యూ: ఈ చిన్న తెరచాప పడవ వైజాగ్ సముద్రానికి సరిపోతుందా?

అందరికీ నమస్కారం. రెండు రాత్రులు పడుకునే వసతి, నలుగురు కూర్చునే చోటు, ట్రైలర్ మీద లాక్కెళ్లే సౌకర్యం. ఇవన్నీ ఉన్న తెరచాప పడవ కావాలని వెతికేవాళ్లకు ముందుగా తగిలే పేరు కాటలినా 22. కాలిఫోర్నియాలో ఫ్రాంక్ బట్లర్ గీసిన డిజైను ఇది, 1969లో మొదలైంది. 15 వేలకు పైగా తయారయ్యాయి. అన్ని పడవలు నీళ్లలో తిరిగాయి కాబట్టి దీని మంచీ చెడ్డా అంతా బయటపడిపోయింది, కొనేవాడికి అదే పెద్ద లాభం. అయితే దీన్ని గీసింది సరస్సుల కోసం, అలలు పెద్దగా లేని తీరాల కోసం. ఆర్కే బీచ్‌లో నిలబడి చూస్తే మనకు కనిపించేది బంగాళాఖాతం. ఆ తేడా గుర్తుపెట్టుకునే ఈ రివ్యూ చూడండి.

స్క్రీన్ మీద ఉన్నది స్వింగ్ కీల్ మోడల్ డ్రాయింగ్. కీల్ అంటే పడవ ఒరిగిపోకుండా అడుగున నిలువుగా ఉండే బరువైన పలక, స్వింగ్ కీల్ అంటే దాన్ని పైకి ఎత్తి కిందికి దించే రకం. మొత్తం పొడవు 21.5 అడుగులు, అంటే 6.55 మీటర్లు. నీటి గీత దగ్గర పొడవు 19.33 అడుగులు. వెడల్పు 7.67 అడుగులు, 2.34 మీటర్లు. మన రోడ్ల మీద బండి వెడల్పుకు పరిమితి 2.6 మీటర్లు, కాబట్టి ట్రైలర్ మీద వెడల్పు ఇబ్బంది లేదు. బరువు 2,250 పౌండ్లు, సుమారు 1,020 కిలోలు. అందులో కీల్ బరువు 550 పౌండ్లు, దాదాపు 250 కిలోలు. తెరచాపలు రెండూ కలిపి 212 చదరపు అడుగులు. కీల్ దించితే నీళ్లలో 5 అడుగుల లోతు కావాలి, ఎత్తేస్తే 2 అడుగులు చాలు.

ఈ అంకెలనుంచి కొన్ని లెక్కలు తీద్దాం. నీటి గీత పొడవు వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే పడవ వేగానికి హద్దు వస్తుంది. దీనికి 5.9 నాట్లు. ఒక నాట్ అంటే గంటకు 1.852 కిలోమీటర్లు. మామూలు గాలిలో 4 నాట్లు వస్తాయనుకోండి. మన హార్బర్ ముఖం నుంచి భీమిలికి సముద్రం మీద సుమారు 15 నాటికల్ మైళ్లు, అంటే నాలుగు గంటల లోపు ప్రయాణం. ఇది వెళ్లేటప్పటి లెక్క. మార్చి వచ్చాక మధ్యాహ్నాలు నైరుతి నుంచి గాలి బలంగా వీస్తుంది, భీమిలి వైపు వెనకనుంచి తోస్తుంది. తిరిగి వచ్చేటప్పుడు అదే ఎదురుగాలి. తెరచాప పడవ గాలికి సూటిగా ఎదురెళ్లలేదు, 45 డిగ్రీల చొప్పున అటూ ఇటూ మలుపులు తిరుగుతూ రావాలి. 15 మైళ్లు 21 మైళ్లవుతాయి. కెరటాలు పక్కకు నెట్టేస్తాయి కాబట్టి ఇంకా ఎక్కువే. ప్రయాణం వేసుకునేటప్పుడు తిరుగు ప్రయాణం లెక్క ముందు వెయ్యండి. పొద్దున్నే గాలి మందంగా ఉన్నప్పుడు వెనక్కి వచ్చేలా చూసుకోవాలి.

రెండో లెక్క ముఖ్యమైనది. మొత్తం బరువులో కీల్ వాటా 24 శాతమే. తీరం వెంట తిరిగే పెద్ద బోట్లలో ఇది 35, 40 శాతం దాకా ఉంటుంది. ఇంకో కొలత ఉంది: 1979లో ఫాస్ట్‌నెట్ అనే తెరచాప పడవల రేసులో జరిగిన ప్రమాదాల తర్వాత అమెరికా క్రూజింగ్ క్లబ్ కమిటీ తయారుచేసిన సూత్రం. పడవ బరువును పౌండ్లలో తీసుకుని 64తో భాగించి, దాని ఘనమూలంతో వెడల్పును భాగిస్తారు. ఫలితం 2 కంటే తక్కువ వస్తే నడిసముద్రానికి నమ్మదగ్గ పడవ. దీనికి 2.34 వస్తుంది. వెడల్పుంది, బరువు లేదు. అందువల్ల మొదట్లో ఒరిగినా గట్టిగా నిలబడినట్టే అనిపిస్తుంది, ఒక హద్దు దాటాక మాత్రం లేవడం కష్టం. రాత్రిళ్లు దూరాలు వెళ్లడానికి ఇది పనికిరాదు. పగలు తీరం కనిపించేంత దూరంలో తిరగడానికి చక్కని పడవ.

బరువు తక్కువ కావడం వల్ల తెరచాప ఎక్కువున్నట్టు లెక్క. బరువుకు తగ్గ తెరచాప నిష్పత్తి దాదాపు 20. అందుకే 5 నాట్ల గాలికే కదులుతుంది, పొద్దుటి మందగాలిలో చాలా హాయిగా ఉంటుంది. గాలి 12, 15 నాట్లకు చేరగానే పెద్ద తెరచాపను ఒక మెట్టు తగ్గించి కట్టేయాలి. గాలి పెరిగాక కట్టడం కంటే పెరగకముందు కట్టడమే తేలిక.

ఇప్పుడు స్వింగ్ కీల్ దగ్గరికి వద్దాం, ఈ పడవలో ఎక్కువ డబ్బు, ఎక్కువ జాగ్రత్త తినేది అదే. 250 కిలోల పోత ఇనుము పలక, ఒక అంగుళం మందం కంచు పిన్ మీద తిరుగుతుంది. క్యాబిన్ లోపల మెట్టు కింద విన్చ్, అంటే హ్యాండిల్ తిప్పితే వైరు చుట్టుకునే చక్రం ఉంటుంది. దానికి చుట్టిన స్టీలు వైరు పడవ అడుగు నుంచి బయటికి పోయి కీల్‌ను పట్టుకుంటుంది. ఆ వైరు బయటికి పోయే చోట రబ్బరు గొట్టం, దానికి క్లిప్పులు. ఆ గొట్టం నీటి గీతకు కిందే ఉంటుంది. అది ఎండి పగిలినా, క్లిప్పు తుప్పుపట్టి ఊడినా నీళ్లు సరాసరి క్యాబిన్‌లోకి వస్తాయి. పడవ కొన్నవాడు మొదటిరోజే మార్చాల్సింది ఇది. రెండు వైపులా రెండేసి స్టెయిన్‌లెస్ క్లిప్పులు బిగించండి.

వైరు తెగితే ఏమవుతుందో చెప్పాలి. కీల్ ఎత్తి ఉన్నప్పుడు తెగితే 250 కిలోలు ఒక్కసారిగా ఊగి కిందికి దిగుతాయి, ఆ దెబ్బకు పడవ అడుగు పగలవచ్చు. ఉప్పునీళ్లలో ఉంచే పడవకు ఏడాదికోసారి వైరు మార్చడం మంచిది. పోగులు ఒక్కటి లేచినా ఆగకూడదు. కీల్ దించేటప్పుడు హ్యాండిల్ చేతిలోంచి వదలొద్దు, విడిచిపెడితే అది గిర్రున తిరిగి చెయ్యి విరగ్గొడుతుంది.

కంచు పిన్ అరుగుతుంది, ఇనుములో ఉన్న రంధ్రం కోలగా సాగుతుంది. లంగరేసి పడుకున్నప్పుడు కింద టక్ టక్‌మని కొడుతుంటే అదే కారణం. పడవ ట్రైలర్ మీద ఉండగా కీల్ చివర పట్టుకుని పక్కకు ఊపి చూడండి, ఆట ఎక్కువుంటే పిన్ తీయించి కొలవాలి. పిన్‌ను పట్టుకునే బ్రాకెట్ల బోల్టులూ అప్పుడే చూడాలి. వేగం పెరిగినప్పుడు నీళ్లలో వైరు హోరుమని మోగడం మాత్రం మామూలే, కంగారు పడకండి.

మన నీళ్లలో ఇంకో సమస్య గవ్వ పురుగులు. ఏడాదంతా వెచ్చటి నీరు కాబట్టి కీల్ గూట్లో అవి త్వరగా గట్టిపడిపోతాయి, కీల్ అక్కడే ఇరుక్కుపోతుంది. అందుకే నా అభిప్రాయం: పడవను నీళ్లలోనే కట్టి ఉంచేవాళ్లు స్వింగ్ కీల్ కొనొద్దు. ఇదే పడవకు మూడున్నర అడుగుల స్థిరమైన ఫిన్ కీల్ మోడల్ ఉంది, 1986 తర్వాత రెండున్నర అడుగుల వింగ్ కీల్, అంటే అడుగున రెక్కలున్న స్థిరమైన కీల్ కూడా వచ్చింది. కదిలే భాగాలు లేవు, వైరు లేదు, గొట్టం లేదు. వాడినరోజే నీళ్లలోంచి తీసి మంచినీళ్లతో కడిగేవాళ్లకు స్వింగ్ కీల్ మంచిదే.

రెండడుగుల నీళ్లలో తేలుతుంది కదా, భీమిలి దగ్గర గోస్తనీ నది ముఖంలోంచి లోపలికి పోవచ్చా అనుకుంటాం. ఇసుక మేటల మీద కెరటం విరిగే చోట కీల్ ఎత్తితే నిలకడ పోతుంది. పాటు సమయంలో నది నీరు బయటికి వస్తుంటే కెరటం ఇంకా నిటారుగా లేస్తుంది. మన దగ్గర పెద్ద పోటుకూ పాటుకూ తేడా సుమారు ఒకటిన్నర మీటరే, కాబట్టి పోటు మీద వెళ్లినా పెద్దగా లోతు కలిసిరాదు. చుక్కాని పైకి మడిచే రకం కాకపోతే కీల్ కంటే ముందు అదే నేలకు తగులుతుంది.

డెక్కు లోపల ప్లైవుడ్ ఉంటుంది. మాస్ట్, అంటే తెరచాప స్తంభం కూర్చునే చోట చెయ్యి నొక్కి చూడండి, స్క్రూడ్రైవర్ పిడితో కొట్టి వినండి. గట్టి చోట టంగుమంటుంది, కుళ్లిన చోట మొద్దుగా మోగుతుంది. మాస్ట్ వైర్లు డెక్కులోకి దిగే ప్లేట్ల దగ్గర నీళ్లు కారిన మరకలు కూడా వెతకండి. పడవలో నీళ్లు నిండితే తేల్చి ఉంచే ఫోమ్ లేదు. గాలి పెరిగితే క్యాబిన్ తలుపు పలకలు, సీట్ల కింద పెట్టెల మూతలు మూసే ఉంచాలి.

లోపల ముందు వైపు పడక, మధ్యలో టేబుల్ దించితే ఇంకో పడక, వెనక సీటు కింద ఒకటి. నిలబడి తిరగడం కుదరదు. మన ఎండకు మధ్యాహ్నం లోపల ఉండలేం, బూమ్ (పెద్ద తెరచాప అడుగున ఉండే అడ్డకర్ర) మీద నుంచి పందిరిగుడ్డ కట్టుకోవాల్సిందే.

మోటార్ విషయం: 5, 6 హార్స్‌పవర్ అవుట్‌బోర్డ్ (పడవ వెనక బయట తగిలించే మోటారు), లాంగ్ షాఫ్ట్, అంటే పంకా కాడ పొడుగున్నది తీసుకోండి. షాఫ్ట్ పొట్టిదైతే కెరటం మీద పడవ ముందుకు వాలినప్పుడల్లా పంకా గాలిలో తిరుగుతుంది. డాల్ఫిన్స్ నోస్ కింద ఉన్న దారి పోర్టు ఓడలదీ, నేవీదీ. అనుమతి లేకుండా అటు వెళ్లొద్దు. లంగరుకు ఇసుకలో పట్టే డాన్‌ఫోర్త్ రకం, 5 మీటర్ల గొలుసు, మిగతా నైలాన్ తాడు. 5 మీటర్ల లోతులో, డెక్కు ఎత్తు ఒక మీటరు కలిపి, ఆరుకు ఏడింతలు అంటే 42 మీటర్ల తాడు వదలాలి.

కాలం చూస్తే డిసెంబరు సగం నుంచి మార్చి దాకా బాగుంటుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తాకిన ఊరు మనది, కాబట్టి సెప్టెంబరు చివరికల్లా పడవ ఒడ్డు మీద ఉండాలి. మాస్ట్ సుమారు 25 అడుగులు. దించేముందు తల పైకెత్తి కరెంటు తీగలు చూడండి, అల్యూమినియం మాస్ట్ తగిలితే ప్రాణమే పోతుంది. ట్రైలర్ మీద పెట్టాక కీల్‌ను వైరుకు వేలాడదీసి వదిలేయకండి. కింద దుంగ పెట్టి దాని మీదికి దించి, వైరు వదులుగా ఉందో లేదో చేత్తో పట్టుకుని చూడండి. తర్వాత పడవను ట్రైలర్‌కూ, ట్రైలర్‌ను నేలలో పాతిన కొక్కేలకూ నాలుగు వైపులా కట్టేయండి.