వీసా రొట్టె పట్టుకున్నాక వచ్చిన అనుమానం

హోస్ట్: మాస్టారూ, నాలుగేళ్ల కిందట మొహర్రంలో నెల్లూరు బారాషహీద్ దర్గా రొట్టెల పండుగకి వెళ్లి, స్వర్ణాల చెరువులో మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి, వీసా రావాలని కోరుకుని వీసా రొట్టె పట్టుకున్నాను. ఫిలాసఫీ పీజీ చేసి ఇదేం పనిరా అని ఫ్రెండ్స్ ఇప్పటికీ ఏడిపిస్తారు.

మాస్టారు: వీసా వచ్చిందా?

హోస్ట్: వచ్చింది. అదేగా చిక్కు! (నవ్వు) మళ్లీ ఏడాది వెళ్లి రొట్టె వదిలాను కూడా. అమ్మ ఊరుకుంటుందా?

మాస్టారు: తిరకాసు అక్కడే ఉంది. కోరిక తీరినవాడు రొట్టె వదలడానికి వస్తాడు. తీరక విసిగిపోయినవాడు ఇంట్లోనే ఉండిపోతాడు. చెరువులో నిలబడి చూస్తే అందరివీ తీరినట్టే ఉంటుంది. బారాషహీద్ దర్గా మహిమను అనడం లేదు, లెక్క సంగతి చెబుతున్నా.

హోస్ట్: నాది ఇంకో అనుమానం. దర్గా ముస్లింలది. మేం రాముడి గుడికి వెళ్లేవాళ్లం. నాకు రొట్టె ఇచ్చినావిడ మెడలో శిలువ! ఏ ఇంట్లో పుడితే ఆ దేవుడే నిజం అనుకుంటున్నాం కదా?

మాస్టారు: పదకొండో శతాబ్దపు ముస్లిం పండితుడు గజాలీకి కుర్రతనంలోనే వచ్చింది ఈ అనుమానం. క్రైస్తవుల పిల్లలు క్రైస్తవులుగా, యూదుల పిల్లలు యూదులుగా, ముస్లింల పిల్లలు ముస్లింలుగానే పెరుగుతున్నారేమిటని. 1095లో బాగ్దాద్‌లో పెద్ద ఉద్యోగం వదిలేశాడు. మతం మాత్రం వదల్లేదు, సూఫీ మార్గం పట్టాడు. ఇంగ్లిష్ తత్వవేత్త మిల్ కూడా 1859లో అన్నాడు, లండన్‌లో చర్చికి వెళ్లేవాణ్ణి చేసిన కారణాలే పీకింగ్‌లో అయితే బౌద్ధుణ్ణి చేసుండేవని.

హోస్ట్: అంటే నమ్మకం ఒక లాటరీ. తేలిపోయినట్టేగా?

మాస్టారు: ఆగు. ప్లాంటింగా అని అమెరికన్ తత్వవేత్త, దీన్ని తిప్పికొట్టాడు. అన్ని మతాలూ ఒకటే అనేవాడు కూడా ఇంకోచోట పుట్టుంటే ఆ మాట అనేవాడు కాదుగా అని. నాస్తికుడికీ అంతే. విజయవాడ గోరా గారు, ఉప్పు సత్యాగ్రహం జరిగిన 1930లో పుట్టిన కొడుక్కి లవణం అని పేరు పెట్టారు. ఆ అబ్బాయీ నాస్తికుడే అయ్యాడు. ఇంట్లోంచి వచ్చింది కాబట్టి లవణం వాదన తప్పంటామా?

హోస్ట్: మరి ఎవరి నమ్మకం వాళ్లు పట్టుకుని కూర్చోవచ్చా?

మాస్టారు: పట్టుకో, కానీ చుట్టూ చూడు. మా పక్కింటాయన నాకంటే తెలివైనవాడు, ఐదు పూటలా నమాజ్ చేస్తాడు. ఆయన్ని రోజూ చూస్తూ కూడా నాదే వందకి వంద కరెక్ట్ అంటే, అది మొండితనం.

హోస్ట్: రాముడి మీద డెబ్బై శాతం నమ్మకం ఉంచుకోమని మా అమ్మకి చెప్పి చూడండి, చీపురు తీస్తుంది!

మాస్టారు: (నవ్వు) ఆవిడకి చెప్పే ధైర్యం నాకు లేదయ్యా. భక్తి శాతాల్లో ఉండదు, అదే ఇబ్బంది.

హోస్ట్: ఈసారి మా చెల్లి పెళ్లి రొట్టె పట్టుకుంటానంటోంది.

మాస్టారు: తీసుకెళ్లు. సంబంధం కుదరకపోయినా మళ్లీ ఏడాది ఇద్దరూ వెళ్లి గట్టున నిలబడండి. తీరనివాళ్ల లెక్కలో ఒక్కరైనా కనబడాలి కదా.