"రేపు రండి" అనే అలవాటు

వర్తక మిత్రులందరికీ నమస్కారం. వ్యాపారంలో దృక్పథాన్ని మార్చుకోవడం గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. ముప్పై ఏళ్లుగా హార్డ్‌వేర్ కొట్టు నడుపుతున్నవాణ్ణి కాబట్టి, నేను పెంచి పోషించి, ఎంతో కష్టం మీద వదిలించుకున్న ఒక్క అలవాటు గురించే చెబుతాను. సరుకు ఇచ్చినవారు వసూలుకు వస్తే, గల్లాపెట్టెలో డబ్బు ఉండి కూడా "రేపు రండి" అనడం ఆ అలవాటు.

వసూలుకు వచ్చిన కుర్రాడు బిల్లుల సంచీ ఒళ్లో పెట్టుకుని స్టూలు మీద కూర్చుంటాడు. మనం అతణ్ణి చూడనట్టే బేరాల్లో మునిగిపోతాం. గంట గడిచాక సగం చేతిలో పెడతాం, లేదా శుక్రవారమనో, దీపాలు పెట్టేశామనో చెప్పి పంపేస్తాం. ఆ ఆచారాన్ని నేను తప్పుపట్టడం లేదు, మా ఇంట్లోనూ పాటిస్తాం. అయితే శుక్రవారం ఇవ్వకూడదని నమ్మే మనిషి గురువారమే ఇచ్చి ఉండాలి కదా.

డబ్బు మన దగ్గర ఎన్ని రోజులు తిరిగితే అంత లాభమని చిన్నప్పటి నుంచి విని, అదే వ్యాపార దక్షత అనుకున్నాను. ఒకరోజు కాగితం మీద లెక్క వేసి చూస్తే ఆ నమ్మకం నిలవలేదు. మాకు పైపులు పంపే వ్యాపారి పది రోజుల్లో చెల్లిస్తే నూటికి రెండు రూపాయలు తగ్గిస్తానన్నాడు. నేను నలభై రోజులకు గాని ఇచ్చేవాణ్ణి కాదు. అంటే ముప్పై రోజుల వాడకానికి నూటికి రెండు రూపాయలు వదులుకుంటున్నాను. అది రెండు రూపాయల వడ్డీ, ఏడాదికి 24 శాతం. బయట ఎవరైనా ఆ వడ్డీ అడిగితే గుమ్మం కూడా తొక్కని వాణ్ణి, నా కొట్లోనే ఏళ్ల తరబడి కట్టాను.

చట్టం సంగతీ తెలుసుకోవాలి. మనకు గడియలు, బందులు, గ్రిల్స్ చేసిచ్చే చిన్న యూనిట్లకు ఉద్యమ్ నమోదు, అంటే చిన్న పరిశ్రమగా ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఉంటే, 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల (ఎం.ఎస్.ఎం.ఈ.) చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం లేనప్పుడు 15 రోజుల్లో, ఉన్నా గరిష్ఠంగా 45 రోజుల్లో చెల్లించాలి. గడువు దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించిన బ్యాంక్ రేటుకు మూడు రెట్ల చొప్పున, నెలనెలా అసలులో కలిసే చక్రవడ్డీ పడుతుంది. జీఎస్టీలోనైతే బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లో చెల్లించకపోతే తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్‌ను, అంటే కొన్న సరుకు మీది పన్నుకు మన పన్నులో పొందిన మినహాయింపును, వెనక్కి కట్టాలి.

ఇంత తెలిశాక కూడా నేను వెంటనే మారలేదని ఒప్పుకోవాలి. ఇవ్వాల్సిన రోజున నిజంగానే డబ్బు తక్కువ పడేది. ఎందుకో తెలుసుకోవడానికి ఒక నెలపాటు, గల్లాలోంచి ఇంటికి తీసిన ప్రతి రూపాయినీ చిట్టాకు ఎక్కించమని గుమాస్తాకు చెప్పాను. కూరగాయలు, పిల్లల ఫీజు, పెళ్లిళ్ల చదివింపులు, ఎవరికో చేబదులు అన్నీ అందులోకి వచ్చాయి. నెలాఖరున కూడి చూస్తే, పైపుల వ్యాపారికి రెండు విడతల్లో ఇవ్వాల్సిన సొమ్ము దాదాపుగా అక్కడే కనిపించింది. ఆ పేజీని మా ఆవిడకు చూపించి, ఇద్దరం కూర్చుని ఇంటికి నెలకు ఇంత అని నిర్ణయించుకున్నాం. ఒకటో తారీఖున ఆ మొత్తం ఇంటి ఖాతాకు వెళుతుంది. ఆ తర్వాత నేను గల్లాలో చెయ్యి పెట్టను.

తీగకు గుచ్చి ఉంచే బిల్లులను తీసి, గడువు తేదీల వరుసలో ఫైలులో పెట్టించాను. సోమ, గురువారాల్లో పదకొండు గంటలకు, గడువు వచ్చిన బిల్లులన్నిటికీ నన్ను అడగకుండానే గుమాస్తా చెల్లిస్తాడు. నన్ను అడగకుండా అన్నదే ఇందులో ప్రాణం. ఎందుకంటే అడిగిన ప్రతిసారీ నా నోటికి "రేపు" అన్న మాటే వచ్చేది. మొదటి రెండు నెలలూ పదకొండయ్యేసరికి ప్రాణం ఉసూరుమనేది, ఏదో పని కల్పించుకుని గోదాముకు వెళ్లిపోయేవాణ్ణి. ఇప్పుడు కౌంటరు దగ్గరే ఉంటాను.

కాంట్రాక్టర్లు మనకు ఇవ్వకపోతే మనం ఎలా ఇస్తామని మీరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అరువుకు హద్దు పెట్టి, పాత బాకీలో సగమైనా జమ కానిదే కొత్త సరుకు ఇవ్వనని చెప్పాను. ఇద్దరు పాత ఖాతాదారులు వెళ్లిపోయారు, నాకు బాధ కలిగింది. వారిలో ఒకరు తిరిగి వచ్చారు. రెండోవారి బాకీ ఇంకా ఆవర్జాలో అలాగే ఉంది.