అద్దె పెరిగిందని వచ్చిన ఉత్తరం: ఇంగ్లండ్ సోషల్ హౌసింగ్ అద్దెల లెక్క

(పాడ్‌కాస్ట్ లిఖిత ప్రతి)

నిర్వాహకురాలు: నమస్కారం. ఇంగ్లండ్‌లో సోషల్ హౌసింగ్‌లో, అంటే స్థానిక ప్రభుత్వమైన కౌన్సిల్ ఇళ్లలోనూ, తక్కువ అద్దెకు ఇళ్లిచ్చే హౌసింగ్ అసోసియేషన్ సంస్థల ఇళ్లలోనూ అద్దెకు ఉంటున్న తెలుగు కుటుంబాలకు ఏటా ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఒక ఉత్తరం వస్తుంది. ఏప్రిల్ నుంచి అద్దె పెరుగుతుందని చెప్పే ఆ ఉత్తరం గురించే ఈ భాగంలో మాట్లాడుకుందాం. హౌసింగ్ అసోసియేషన్ అద్దెల విభాగంలో పనిచేస్తూ అలాంటి ఉత్తరాలను స్వయంగా రాసినవారు మనతో ఉన్నారు. సూటిగా అడుగుతానండీ. 2026 ఏప్రిల్ నుంచి అద్దె ఎంత పెరుగుతోంది? ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చింది?

అతిథి: నమస్కారమండీ. ఎక్కువ ఇళ్లకు 4.8 శాతం పెరుగుతోంది. అంతకు ముందు సెప్టెంబరులో వినియోగదారుల ధరల సూచీ, అంటే సీపీఐ, ఏడాదిలో ఎంత శాతం పెరిగిందో చూసి, దానికి మరొక శాతం కలపడం ఇక్కడి పద్ధతి. 2025 సెప్టెంబరులో ఆ సూచీ 3.8 శాతం నమోదైంది కాబట్టి పరిమితి 4.8 అయింది. సెప్టెంబరునే ఎందుకు పట్టుకుంటారంటే, ఆ అంకె అక్టోబరులో వెలువడుతుంది. బడ్జెట్ వేసుకుని, పాలకవర్గం ఆమోదం పొంది, ఉత్తరాలు అచ్చు వేయించి, చట్టం చెప్పిన గడువులోగా పంపడానికి అప్పటి నుంచి ఏప్రిల్ దాకా ఉన్న వ్యవధి సరిపోతుంది. కౌన్సిల్ అయితే కనీసం నాలుగు వారాల ముందు, హౌసింగ్ అసోసియేషన్ అయితే సాధారణంగా కనీసం ఒక నెల ముందు నోటీసు ఇవ్వాలి.

నిర్వాహకురాలు: చాలా ఉత్తరాల్లో "ప్రభుత్వ విధానం ప్రకారం మీ అద్దె పెరిగింది" అని ఉంటుంది. చదివినవారికి ఇది లండన్‌లో మంత్రులు తీసుకున్న నిర్ణయమనీ, ఇంటి యజమాని సంస్థకు ఇందులో ప్రమేయమే లేదనీ అనిపిస్తుంది.

అతిథి: ఆ వాక్యం సగమే నిజమండీ, మిగతా సగం దాచిపెట్టడం నాకు నచ్చదు. ప్రభుత్వం నిర్ణయించింది గరిష్ఠ పరిమితిని మాత్రమే. ఆ పరిమితి దాటకుండా సోషల్ హౌసింగ్ నియంత్రణ సంస్థ చూస్తుంది. అయితే పరిమితి దాకా పెంచి తీరాలని ఎక్కడా లేదు. 4.8 శాతం పెంచాలా, మూడు శాతం పెంచాలా, అసలు పెంచకుండా ఉండాలా అన్నది అసోసియేషన్ అయితే దాని బోర్డు, కౌన్సిల్ అయితే ఎన్నికైన సభ్యులు ఓటు వేసి తేల్చుకునే విషయం. దాదాపు అందరూ పరిమితి అంచు దాకా వెళతారన్నది వేరే మాట, దానికి కారణాలూ ఉన్నాయి. కానీ ఆ నిర్ణయం తాము తీసుకున్నామని ఒప్పుకోకుండా ప్రభుత్వం మీదికి నెట్టేస్తే, ఎందుకు తీసుకున్నారో వివరించే బాధ్యత కూడా తప్పించుకున్నట్టే అవుతుంది. స్కాట్లాండ్‌లో అయితే అద్దె పెంచే ముందు అద్దెదారులను సంప్రదించాలని 2001 నాటి గృహ చట్టమే చెబుతోంది.

నిర్వాహకురాలు: అంచు దాకా వెళ్లడానికి కారణాలున్నాయన్నారు. అవి ఏమిటి?

అతిథి: కొంత వెనక్కి వెళ్లాలి. 2016 నుంచి నాలుగేళ్ల పాటు సోషల్ అద్దెలను ఏటా ఒక శాతం చొప్పున తగ్గించాలని చట్టం చేశారు. అద్దెదారులకు అది ఊరటే. కానీ యజమాని సంస్థల ఆదాయం అప్పటికే వేసుకున్న ప్రణాళికల కంటే బాగా కిందికి పడిపోయింది, ఆ లోటు తరువాతి సంవత్సరాలన్నింటికీ కొనసాగింది. ఆ తరువాత 2022 సెప్టెంబరులో సీపీఐ 10.1 శాతానికి చేరింది. సూత్రం ప్రకారం 11.1 శాతం పెంచవచ్చు, కానీ ప్రభుత్వం జోక్యం చేసుకుని 2023 ఏప్రిల్‌లో ఏడు శాతం దాటకూడదని కట్టడి చేసింది. మరుసటి ఏడాది 7.7 శాతం, 2025లో 2.7 శాతం, ఇప్పుడు 4.8 శాతం. ఈ ఒడుదుడుకులు వద్దని 2026 ఏప్రిల్ నుంచి పదేళ్ల పాటు సీపీఐకి ఒక శాతం కలిపే పద్ధతే ఉంటుందని 2025 జూన్‌లో ప్రకటించారు. ఒక ఏడాది పెంచకుండా వదిలేసిన సొమ్మును మరుసటి ఏడాది కలిపి వసూలు చేసే వీలు సాధారణంగా ఉండదు. సంస్థలు వెనుకాడేది అందుకే.

నిర్వాహకురాలు: ఆ సొమ్ము ఎక్కడికి పోతోందన్నదే అద్దెదారుల అసలు ప్రశ్న. గోడకు బూజు పట్టిందని ఫిర్యాదు చేసి నెలల తరబడి ఎదురుచూస్తున్నవారికి, అద్దె పెంపు ఉత్తరం మాత్రం సమయానికి రావడం పుండు మీద కారం చల్లినట్టుంటుంది కదా.

అతిథి: ఉంటుంది. ఆ కోపం న్యాయమైనదే. 2020 డిసెంబరులో రాచ్‌డేల్ పట్టణంలో అవాబ్ ఇషాక్ అనే రెండేళ్ల బాబు, ఫ్లాటులోని బూజు వల్ల వచ్చిన శ్వాస సమస్యతో చనిపోయాడు. అతని పేరుతో వచ్చిన చట్టం 2025 అక్టోబరు 27 నుంచి సోషల్ హౌసింగ్‌కు అమల్లోకి వచ్చింది. ఆరోగ్యానికో భద్రతకో తక్షణ ప్రమాదం ఉన్న అత్యవసర సమస్య అయితే 24 గంటల్లో చర్య తీసుకోవాలి. తీవ్రమైన చెమ్మ, బూజు అయితే పది పనిదినాల్లో పరిశీలించాలి, ప్రమాదం ఉందని తేలితే ఆ తరువాత ఐదు పనిదినాల్లో ఇంటిని సురక్షితం చేయాలి. దీనికి సిబ్బంది కావాలి, డబ్బు కావాలి. కౌన్సిళ్లు ఇళ్ల అద్దె రాబడిని ప్రత్యేక ఖాతాలో ఉంచాలి, దాన్ని రోడ్లకో లైబ్రరీలకో మళ్లించడానికి వీల్లేదు. ఇవన్నీ చెప్పదగిన విషయాలే. కానీ ఉత్తరాల్లో "నాణ్యమైన సేవలు అందించేందుకు" అని రాసి వదిలేస్తారు. ఫలానా బ్లాకులో పాతబడిన లిఫ్టు మార్చడానికి ఇంత, ఫలానా వీధిలో పైకప్పులకు ఇంత అని రాస్తే, చదివేవారు ఒప్పుకోకపోయినా కనీసం వాదించడానికైనా ఒక ఆధారం దొరుకుతుంది.

నిర్వాహకురాలు: ఒకే బ్లాకులో, ఒకే కొలతల ఫ్లాటులో ఉంటున్న పక్కింటివారి అద్దె వేరుగా ఎందుకుంటుందని కూడా చాలామంది అడుగుతుంటారు.

అతిథి: రెండు రకాల అద్దెలున్నాయి. పాత పద్ధతిలోని సోషల్ రెంట్‌ను ఒక సూత్రంతో లెక్క కడతారు. ఆ ప్రాంతంలోని సంపాదనలకు 70 శాతం, ఇంటి విలువకు 30 శాతం ప్రాధాన్యం ఇస్తారు, పడకగదుల సంఖ్యనూ పరిగణిస్తారు. వింత ఏమిటంటే ఆ ఇంటి విలువను నేటికీ 1999 జనవరి ధరల్లోనే చూస్తారు. రెండోది 2011లో వచ్చిన అఫర్డబుల్ రెంట్. అది సర్వీస్ ఛార్జీతో, అంటే ఉమ్మడి సేవలకు కట్టే రుసుముతో, కలిపి మార్కెట్ అద్దెలో 80 శాతం వరకు ఉండవచ్చు. పేరు చూసి ఇదే చవక అనుకుంటారు గానీ చాలాచోట్ల సోషల్ రెంట్ కంటే ఇదే ఎక్కువ. పైగా ఇల్లు ఖాళీ అయి కొత్తవారికి ఇచ్చేటప్పుడు అద్దెను సూత్రం చెప్పే స్థాయికి తెచ్చుకోవచ్చు కాబట్టి, పాతికేళ్లుగా ఉంటున్నవారికీ నిన్న దిగినవారికీ తేడా వస్తుంది.

నిర్వాహకురాలు: ఇప్పుడు లెక్కలోకి వద్దాం. 4.8 శాతం అన్నారు, కానీ కట్టాల్సిన మొత్తం అంతకంటే ఎక్కువ పెరిగిందని కొందరు అంటున్నారు. వారి లెక్క తప్పా?

అతిథి: వారి లెక్క సరైనదే అయి ఉండవచ్చు. గొడవంతా సర్వీస్ ఛార్జీ దగ్గర ఉంది. ఒక ఉదాహరణ వేసుకుందాం. వారానికి అద్దె 120 పౌండ్లు, సర్వీస్ ఛార్జీ 14 పౌండ్లు, మొత్తం 134 అనుకోండి. అద్దె 4.8 శాతం పెరిగితే 125 పౌండ్ల 76 పెన్స్ అవుతుంది. మెట్ల శుభ్రత, ఉమ్మడి దీపాల కరెంటు, లిఫ్టు నిర్వహణ ఖర్చులు పెరిగి సర్వీస్ ఛార్జీ 17 పౌండ్ల 50 పెన్స్ అయిందనుకుందాం. అప్పుడు మొత్తం 143 పౌండ్ల 26 పెన్స్. అంటే వారానికి తొమ్మిది పౌండ్ల 26 పెన్స్ ఎక్కువ, దాదాపు ఏడు శాతం. పెద్ద అక్షరాల్లో 4.8 శాతం అని రాసి, సర్వీస్ ఛార్జీని రెండో పేజీలో పెడితే, చదివినవారికి మోసపోయామనిపించడం సహజం.

నిర్వాహకురాలు: సర్వీస్ ఛార్జీకి ఆ పరిమితి వర్తించదా?

అతిథి: అద్దెకు వర్తించినట్టు నేరుగా వర్తించదు. కొత్త సేవలేమీ చేర్చనప్పుడు ఆ పరిమితిలోనే ఉంచడానికి ప్రయత్నించాలన్నది ప్రభుత్వం వ్యక్తం చేసిన అంచనా మాత్రమే. ఛార్జీలు రెండు రకాలు: ఏడాదికొకసారి నిర్ణయించి మార్చని స్థిర ఛార్జీ, అసలు ఖర్చును బట్టి సర్దుబాటు చేసే చరఛార్జీ. మీది ఏ రకమో అద్దె ఒప్పందంలో ఉంటుంది, ముందు అది చూసుకోండి. చరఛార్జీ కట్టే హౌసింగ్ అసోసియేషన్ అద్దెదారులకు 1985 నాటి చట్టం కింద ఖర్చుల సారాంశాన్ని లిఖితపూర్వకంగా అడిగే హక్కుంది. అది అందాక బిల్లులను, రసీదులను చూడవచ్చు. ఖర్చు సమంజసంగా లేదనిపిస్తే ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. కౌన్సిల్‌లో వారపు అద్దెకు ఉండేవారికి ఆ చట్టంలోని ఈ దారి లేదు, వారు ఫిర్యాదు పద్ధతిలోనే వెళ్లాలి. అడిగేటప్పుడు "ఛార్జీ ఎందుకు పెరిగింది" అని అడగకండి, దానికి ముందే తయారుచేసి పెట్టుకున్న జవాబు ఉంటుంది. "మెట్ల శుభ్రతకు నిరుడు ఎంత ఖర్చయింది, ఈ ఏడాది ఎంత అంచనా వేశారు, ఎన్ని ఫ్లాట్లకు పంచారు" అని అడగండి. మీ బ్లాకులో లేని లిఫ్టుకు మీ దగ్గర వసూలు చేస్తున్న సంగతి అలాంటి ప్రశ్నతోనే బయటపడుతుంది.

నిర్వాహకురాలు: తక్కువ ఆదాయం ఉన్న, పనిచేసే వయసువారికి ప్రభుత్వం ఇచ్చే యూనివర్సల్ క్రెడిట్ సాయం పొందుతున్నవారు ఏం చేయాలి? పెరిగిన అద్దె దానంతట అదే సర్దుబాటు అవుతుందనే నమ్మకం మన వాళ్లలో ఎక్కువ.

అతిథి: ఎక్కువ నష్టం జరిగేది అక్కడేనండీ. యూనివర్సల్ క్రెడిట్‌లో కొత్త అద్దెను అద్దెదారే ఆన్‌లైన్ ఖాతాలో నమోదు చేయాలి. అద్దె అమల్లోకి వచ్చిన రోజునో ఆ తరువాతో చేయాలి. ఉత్తరం అందిన మార్చిలోనే తొందరపడి చేస్తే చిక్కులు వస్తాయి. ఆలస్యమైతే, నమోదు చేసిన నెల నుంచే పెంపు లెక్కలోకి వస్తుంది గనుక, మధ్యలోని నెలల తేడా బకాయిగా మీ మీద పడుతుంది. అద్దె, సర్వీస్ ఛార్జీ రెండూ విడివిడిగా వేయాలి. ఫ్లాటు లోపలి వేడికి, నీటికి కట్టే ఛార్జీలు సాయం కిందికి రావని గుర్తుంచుకోండి. పింఛను వయసువారు పొందే అద్దె సాయం, అంటే హౌసింగ్ బెనిఫిట్ సంగతి కొంత నయం. కౌన్సిల్ ఇల్లయితే కౌన్సిలే మార్చుకుంటుంది, అసోసియేషన్ ఇల్లయితే కౌన్సిల్‌కు తెలియజేశారో లేదో ఒకసారి కనుక్కోవాలి.

నిర్వాహకురాలు: నమోదు చేస్తే పెరిగినదంతా సాయంలో వస్తుందా?

అతిథి: అందరికీ రాదు. పనిచేసే వయసువారికి ఒక పడకగది అదనంగా ఉందని లెక్కతేలితే 14 శాతం, రెండో అంతకన్నా ఎక్కువో ఉంటే 25 శాతం కోత పడుతుంది. ఆ కోత శాతాల్లో ఉంటుంది కాబట్టి అద్దెతో పాటు అదీ పెరుగుతుంది. ఇందాకటి ఉదాహరణలో 14 శాతం కోత ఉంటే, జేబులోంచి కట్టేది వారానికి మరో పౌండు 30 పెన్స్ ఎక్కువవుతుంది. ఒక కుటుంబానికి అందే మొత్తం ప్రభుత్వ సాయానికి ఉన్న గరిష్ఠ హద్దును, అంటే బెనిఫిట్ పరిమితిని ఇప్పటికే తాకినవారి పరిస్థితి ఇంకా కష్టం. ఆ పరిమితి అద్దెతో పాటు పెరగదు. వారికి పెరిగిన ప్రతి పెన్నీ ఇంటి ఖర్చులోంచే పోవాలి. అలాంటివారు కౌన్సిల్ తన విచక్షణతో ఇచ్చే గృహ సాయానికి దరఖాస్తు చేసుకోవాలి.

నిర్వాహకురాలు: వారం లెక్కకూ నెల లెక్కకూ మధ్య తేడా వల్ల కూడా బకాయిలు పడతాయని విన్నాను.

అతిథి: పడతాయి. చాలామంది వారపు అద్దెను నాలుగుతో గుణించి నెలకు కట్టేస్తారు. అది తప్పు. 52తో గుణించి 12తో భాగించాలి. 143 పౌండ్ల 26 పెన్స్ వారపు మొత్తమైతే నెలకు 620 పౌండ్ల 79 పెన్స్. యూనివర్సల్ క్రెడిట్ కూడా 52 వారాలకే లెక్క వేస్తుంది, కానీ కొన్ని సంవత్సరాల్లో అద్దె సోమవారాలు 53 వస్తాయి. 2024-25లో అలాగే వచ్చాయి. ఆ అదనపు వారానికి సాయం ఉండదు. డైరెక్ట్ డెబిట్ ఉన్నవారికి మొత్తాన్ని సంస్థే మారుస్తుంది. బ్యాంకులో స్టాండింగ్ ఆర్డర్ పెట్టుకున్నవారు మాత్రం తామే మార్చుకోవాలి. మార్చకపోతే పాత మొత్తమే వెళుతూ ఉంటుంది, నెలకు 40 పౌండ్ల చొప్పున బకాయి చడీచప్పుడు లేకుండా పేరుకుంటుంది.

నిర్వాహకురాలు: చివరిగా ఒక్క ప్రశ్న. ఈ పెంపును సవాలు చేయవచ్చా?

అతిథి: 4.8 శాతం ఎక్కువని చెప్పి గెలిచే దారి దాదాపు లేదు. కొన్ని ఒప్పందాల్లో హౌసింగ్ అసోసియేషన్ అద్దెదారులు ట్రిబ్యునల్‌ను ఆశ్రయించవచ్చు, కానీ అక్కడ చూసేది ఆ ఇల్లు మార్కెట్‌లో ఎంత పలుకుతుందన్నదే. సోషల్ రెంట్ ఎలాగూ అంతకంటే తక్కువ ఉంటుంది. యజమాని సంస్థల మీద అద్దెదారుల ఫిర్యాదులను విచారించే హౌసింగ్ అంబుడ్స్‌మన్ కూడా అద్దె ఎంత పెరిగిందన్న విషయంలోకి వెళ్లరు. నోటీసు గడువు తప్పినా, శాతం పరిమితి దాటినా, ఇంటి వివరాలు తప్పుగా పడినా, ఫిర్యాదుకు జవాబు రాకపోయినా అవి వేరే విషయాలు, వాటి మీద తప్పకుండా రాయండి. ముందు పాత అద్దెను 1.048తో గుణించి చూసుకోండి. ఉత్తరంలోని అంకె అంతకంటే ఎక్కువ ఉంటే, ఎలా వచ్చిందో చెప్పమని ఫోనులో కాకుండా ఈమెయిల్‌లో అడగండి. ఇంగ్లీషు ఉత్తరం అర్థం కాని పెద్దవారి పేరున ఇల్లు ఉంటే, దుబాసీ సాయం కావాలని కూడా అందులోనే రాయండి; చాలా సంస్థలు దాన్ని ఉచితంగానే ఏర్పాటు చేస్తాయి. కొత్త అద్దె చాలాచోట్ల ఏప్రిల్ 6, సోమవారం నుంచి మొదలవుతోంది. ఆ రోజు ఈస్టర్ సెలవు, కార్యాలయాలు తెరవరు. కాబట్టి అడగాల్సింది ఏదైనా ఉంటే ఆ ముందు వారం గురువారం లోగా అడిగేయండి.