కరపత్రంలో పేరు లేనివాళ్లు: ఊరి పాట చరిత్రను రికార్డు చేసే పద్ధతి

అందరికీ నమస్కారం.

నెల్లూరు, పాట అనగానే మొదట వచ్చే పేరు బాలు గారిది. రావలసిందే. ఆయన గొంతు వేల రికార్డుల్లో భద్రంగా ఉంది. తిప్పరాజువారి వీధిలోని ఇంటిని 2020లో వేదపాఠశాల కోసం కంచి పీఠానికి ఆయనే ఇచ్చేశారు, అదీ అందరికీ తెలుసు. కానీ ఆయన తండ్రి సాంబమూర్తి గారు హరికథలు చెప్పిన కాలంలో కథ ఎన్నింటికి మొదలయ్యేది? పక్కవాద్యాల వాళ్లకు ఎంత ముట్టేది? మధ్యలో పళ్లెం తిప్పేవారా? ఇవి విన్నవాళ్ల జ్ఞాపకంలోనే ఉంటాయి. ఆ విన్నవాళ్లకు ఇప్పుడు ఎనభై దగ్గరపడి ఉంటాయి.

ఒంగోలు పక్కన కరవది సంగతీ అంతే. నాదస్వర విద్వాంసులు షేక్ చినమౌలానా గారు 1924లో అక్కడ పుట్టి, శ్రీరంగంలో స్థిరపడి, 1998కి సంగీత కళానిధి అయ్యారు. ఆయన కచేరీలు దొరుకుతాయి. కానీ గుడి ముందు ముస్లిం విద్వాంసులు నాదస్వరం వాయించే ఆ ఇళ్లలో పిల్లవాడికి మొదటి పాఠం ఎలా మొదలుపెట్టేవారు, నోట్లో పెట్టి ఊదే పీకలు ఎక్కడినుంచి తెప్పించేవారు, ఆగకుండా శ్రుతినిచ్చే ఒత్తు పట్టే మనిషి పోయి ఆ పని చేసే సుతిపెట్టె ఎప్పుడొచ్చింది, ఇవన్నీ వెళ్లి అడిగితేనే తెలుస్తాయి.

అందుకే మనిషి ఎంపిక దగ్గరే చాలామంది తప్పు చేస్తారని మా అభిప్రాయం. కరపత్రంలో పెద్దక్షరాల్లో పేరున్న వాళ్ల దగ్గరికే వెళ్తారు. పద్యనాటకంలో నటుడికి తన పాత్ర, తనకు పడిన వన్స్‌మోర్లు గుర్తుంటాయి. మైకుసెట్టు ఆయనకు తెల్లవార్లూ జరిగిన నాటకం మొత్తం గుర్తుంటుంది. పెంచలకోన, మాలకొండ, సింగరాయకొండ తిరునాళ్లన్నీ తిరిగి ఉంటాడు. హార్మోనియం రిపేరు చేసే ఆయన, డ్రస్సులు అద్దెకిచ్చే ఆయన, మేకప్ వేసే ఆయన, ముందుగా ఈ ముగ్గురి జాబితా రాసుకోండి. ఆడవాళ్లను మరిచిపోవడం ఇంకో తప్పు. గొబ్బిపాటలు, నాట్ల పాటలు, సారా ఉద్యమంలో దూబగుంట చుట్టుపక్కల పాడుకున్న పాటలు వాళ్ల దగ్గరే ఉన్నాయి.

ఇక రికార్డింగు. వేవ్ ఫార్మాట్, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్. స్టీరియోలో గంటకు సుమారు ఒక జీబీ అవుతుంది, కార్డు దానికి తగ్గట్టు పెట్టుకోండి. మైకు నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కకు ఉండాలి. మాట పెద్దదైనప్పుడు రికార్డరు మీటరు మైనస్ 12 డెసిబెల్ దగ్గర ఆగితే చాలు. ఫ్యాను ఆపాలి. మే నెలలో నెల్లూరులో ఫ్యాను ఆపమంటే పెద్దాయన మనల్నే బయటికి పంపుతాడు కాబట్టి పొద్దున ఏడింటికే వెళ్లండి. ఫ్రిజ్ ఉన్న గది వద్దు. కుక్కర్ ఎప్పుడు పెడతారో ముందే అడగండి. చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకునే రికార్డు చేయాలి. లేకపోతే వైరు వదులై గరగరలాడిందని ఇంటికొచ్చాకే తెలుస్తుంది.

ఫోను చాలదా అని అడుగుతారు. మాటకు చాలావరకు చాలుతుంది, పాటకు చాలదు. ఎడతెగకుండా ఒకే స్థాయిలో వచ్చే చప్పుడును చాలా ఫోన్లు రొదగా లెక్కగట్టి తగ్గించేస్తాయి. సుతిపెట్టె చేసే పని సరిగ్గా అదే. పద్యం మిగులుతుంది, శ్రుతి మాయమవుతుంది. ఫోనే దిక్కయితే రొద తగ్గించే సెట్టింగు తీసేయండి. ఫైలును వాట్సాప్‌లో ఆడియోగా కాకుండా డాక్యుమెంటుగా పంపండి, అప్పుడు కుదించకుండా వెళ్తుంది. నాదస్వరమైతే మైకును ఏడెనిమిది అడుగుల దూరం జరపండి. జానెడు దూరంలో పెడితే మొదటి ఊపుకే శబ్దం పగిలిపోతుంది, పగిలినదాన్ని తర్వాత అతికించలేం.

పద్యం పాడించే ముందు హార్మోనియం మీద ఆయన శ్రుతి మెట్టును అర నిమిషం నొక్కి ఉంచమనండి. నాలుగున్నర శ్రుతి అంటే నల్లమెట్టే. కానీ పాత పెట్టెల్లో ఆ నాలుగున్నర ఇప్పటి కీబోర్డు నాలుగున్నరతో కలవకపోవచ్చు. ఆ అర నిమిషం ఉంటే తర్వాత వచ్చేవాళ్లకు తేడా లెక్క దొరుకుతుంది.

“ఏ సంవత్సరం?” అని అడగకండి. చెప్పలేకపోతే ముసలాయన చిన్నబుచ్చుకుంటాడు, లేదా తోచిన అంకె చెప్పేస్తాడు. 84 తుపానుకు ముందా తర్వాతా? సారా నిషేధం వచ్చిన 93 నాటికి ఆ నాటక సమాజం ఉందా? పెద్దమ్మాయి పెళ్లికి ముందేనా? ఇలా గుంజలు పాతుకుంటూ వెళ్లాలి. “మీ అనుభవాలు చెప్పండి” అంటే సన్మాన సభలో ప్రసంగంలాంటి జవాబొస్తుంది. “కృష్ణుడి కిరీటం దేనితో చేసేవారు?” అంటే ఇరవై నిమిషాలు ఆగకుండా చెబుతాడు. ఆయన ఆగినప్పుడు మీరు ఐదు లెక్కపెట్టండి. అసలు సంగతి తరచుగా ఆ తర్వాతే వస్తుంది. గంటన్నర మించొద్దు.

ఇలాంటి ఇళ్లలో బీరువా అడుగున కేసెట్లు బయటపడతాయి. వెంటనే వేసి వినాలన్న ఆత్రం ఆపుకోండి. ముందు పైఅంచున ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ పలకలు విరిచేయండి, ఇక పొరపాటున రికార్డు మీట నొక్కినా పాతది చెరగదు. టేపు చుట్ట మీద తెల్లటి పొడి కనిపిస్తే అది బూజు. సముద్రం దగ్గరి గాలికి పట్టేస్తుంది. ప్లేయరులో పెడితే టేపును చదివే హెడ్డుకంటి మిగతా కేసెట్లకూ పాకుతుంది, విడిగా కవరులో కట్టి పక్కన పెట్టండి. మంచివాటిని ఒకసారి పూర్తిగా ముందుకూ వెనక్కీ తిప్పాకే వేయాలి. శబ్దం మందంగా ఉంటే ముందు హెడ్డు తుడవండి, తర్వాత హెడ్డు పక్క స్క్రూను తాళాల చప్పుడు తేటగా వినిపించేదాకా వెంట్రుకవాసి చొప్పున తిప్పండి. 96 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో కంప్యూటరులోకి ఎక్కించండి. గంట కేసెట్టుకు గంట పడుతుంది, అడ్డదారి లేదు.

ఒక మోసం గమనించాలి. తిరునాళ్లలో బ్యాటరీల మీద రికార్డు చేసేవారు. బ్యాటరీ నీరసించేకొద్దీ టేపు నెమ్మదిగా తిరుగుతుంది. ఇప్పుడు మామూలు స్పీడులో వేస్తే గొంతు సన్నబడి శ్రుతి ఎక్కినట్టుంటుంది. మొదటి పద్యం నాలుగున్నర, తెల్లవారుజాము పద్యం ఐదున్నర అయితే నటుడి గొప్పతనమని రాసేయకండి. ఉన్నదున్నట్టు ఎక్కించిన ఫైలును అలాగే ఉంచి, సరిచేసింది వేరే ఫైలుగా దాచండి.

అనుమతి పత్రం తెలుగులో, ఒకే పేజీ, చదివి వినిపించి సంతకం తీసుకోవాలి. ఇంట్లో వినడానికి మాత్రమేనా, లైబ్రరీలో వినిపించవచ్చా, నెట్‌లో పెట్టవచ్చా, మూడూ విడివిడిగా అడగాలి. పాడినవాళ్లకు ప్రదర్శన జరిగిన ఏడాది తర్వాత 50 ఏళ్ల దాకా చట్టంలో హక్కుంది. పద్యం రాసిన కవి హక్కు ఆయన పోయాక 60 ఏళ్లు నడుస్తుంది. కాబట్టి నటుడి సంతకం కవి సంతకం కాదు.

గంట మాటను పూర్తిగా రాయడానికి ఐదారు గంటలు పడుతుంది. అంత ఓపిక లేకపోతే ప్రతి మూడు నిమిషాలకూ రెండు వాక్యాల సారాంశం, ఊర్ల పేర్లు, సమాజాల పేర్లు రాసినా వెతుక్కోవచ్చు. పూర్తిగా రాసేటప్పుడు మాత్రం యాసను దిద్దకండి. “వస్తా ఉండా” అన్నది “వస్తున్నాను” అయిందంటే ఆ మనిషి నెల్లూరువాడు కాకుండా పోయినట్టే.

ఫైలు పేరులో తేదీ ముందు, సంవత్సరంతో మొదలుపెట్టి. తర్వాత ఊరు, మనిషి నంబరు, భాగం. మూడు కాపీలు, రెండు రకాల పరికరాల మీద, ఒకటి వేరే ఊళ్లో. 2021 నవంబరులో పెన్న నీళ్లు ఇళ్లలోకి వచ్చింది మీకు గుర్తుంది కదా, పక్కపక్క వీధుల్లో రెండు డిస్కులుంటే ఒకటి ఉన్నట్టే లెక్క.

నెలలోపు ఆ ఇంటికి మళ్లీ వెళ్లండి, ఫోనులో వినగలిగే చిన్న ఫైలుగా కాపీ ఇవ్వండి. ఇంటిల్లిపాదీ కూర్చుని వింటారు. “అది కోవూరు కాదు నాన్నా, కొడవలూరు” అని కూతురు దిద్దుతుంది. అంతలో ఎవరో లోపలికి వెళ్లి, ట్రంకుపెట్టెలోంచి పాత కరపత్రం తెచ్చి చేతిలో పెడతారు. రెండోసారి రికార్డరు తీసుకెళ్లడం మరిచిపోకండి.