ఏడు శాతం ఎవరికి వస్తుంది?

అందరికీ నమస్కారం. కుర్చీలు చాలక వెనక నిలబడ్డవాళ్లున్నారు, కాబట్టి ఉపోద్ఘాతం వదిలేసి నేరుగా విషయంలోకి వస్తాను.

మొన్న మా వీధిలో కూరగాయలమ్మే ఆయన ఫోన్ తెచ్చి నా ముందు పెట్టాడు. "సార్, పొదుపు ఖాతాకే ఏడు శాతం వడ్డీ ఇస్తారంట. మన బ్యాంకులో రెండున్నరే వస్తంది. మార్చేసుకోమంటారా?" అన్నాడు. ఖాతాలో ఎంత ఉంటుందని అడిగాను. అటూ ఇటూగా ఎనభై వేలట. "అయితే మీకు ఏడు రాదు" అన్నాను. ఆయన నమ్మలేదు. అంత పెద్ద అంకె వేసి మరీ చెబుతుంటే ఈ రిటైరైన బ్యాంకాయన కాదంటాడేంటి అన్నట్టు చూశాడు.

ప్రకటన అబద్ధం కాదు. పట్టిక మాత్రం కింద సన్నక్షరాల్లో ఉంటుంది. ఇలాంటి పట్టికలు మామూలుగా ఎలా ఉంటాయో చెబుతాను: లక్ష వరకు 3 శాతం, లక్ష దాటి ఐదు లక్షల దాకా 5 శాతం, ఐదు లక్షలు దాటిన సొమ్ము మీద మాత్రమే 7 శాతం. ఎనభై వేలకు మూడు శాతమంటే ఏడాదికి 2,400 రూపాయలు. ఇప్పుడున్న బ్యాంకులో రెండున్నర చొప్పున 2,000 వస్తున్నాయి. తేడా 400. నెలకు ముప్పై మూడు రూపాయలు. కొత్త ఖాతాలో ఒక్కసారి కనీస నిల్వ తగ్గిందంటే, లేదా డెబిట్ కార్డు రుసుము పడిందంటే, ఆ నాలుగు వందలూ తిరిగి బ్యాంకుకే పోతాయి.

ఈ మెట్లు లక్ష దగ్గరే ఎందుకు మొదలవుతాయి? 2011 అక్టోబరు 25 దాకా పొదుపు ఖాతా వడ్డీని రిజర్వు బ్యాంకే నిర్ణయించేది. చివర్లో అది 4 శాతం. ఏ బ్యాంకుకు వెళ్లినా అంతే. ఆ రోజు పగ్గాలు వదిలేస్తూ ఒక షరతు పెట్టారు: లక్ష వరకు ఉన్న నిల్వ మీద ప్రతి బ్యాంకూ తన ఖాతాదారులందరికీ ఒకే రేటు ఇవ్వాలి, లక్ష దాటితే బ్యాంకు ఇష్టం. పెద్ద బ్యాంకులకు డిపాజిట్లు ఎలాగూ వస్తాయి, వాటికి తొందర లేదు. స్టేట్ బ్యాంకు 2025 జూన్ నుంచి ఎంత నిల్వ ఉన్నా 2.5 శాతమే ఇస్తోంది. 2015లో రిజర్వు బ్యాంకు చిన్న ఫైనాన్స్ బ్యాంకులకు, అంటే ముఖ్యంగా చిన్న రైతులకూ చిరు వ్యాపారులకూ అప్పులిచ్చే బ్యాంకులకు, తలుపు తీసింది. వాటికి డిపాజిట్లు కావాలి, కాబట్టి ఎక్కువ ఇస్తామంటున్నాయి. ఇందులో మోసమేమీ లేదు, అవసరం ఉన్నవాడు ఎక్కువ ధర పెడతాడు. మన మిర్చి యార్డులోనూ అంతేగా.

ఇప్పుడు అసలు చిక్కు. పైన చెప్పిన పట్టికలోనే ఎనిమిది లక్షలు వేద్దాం. మొదటి లక్షకు 3,000, తర్వాతి నాలుగు లక్షలకు 20,000, పై మూడు లక్షలకు 21,000. మొత్తం 44,000. సగటున ఐదున్నర శాతం. బాగానే ఉంది. కానీ డిపాజిట్ బీమా, అంటే బ్యాంకు మునిగినా మన చేతికి తిరిగొచ్చే సొమ్ము, ఎంత వరకో గుర్తుందా? 2020 ఫిబ్రవరి 4 నుంచి ఐదు లక్షలు. అసలూ వడ్డీ కలిపి, ఒక బ్యాంకులో ఒక మనిషికి, ఎన్ని శాఖల్లో ఎన్ని ఖాతాలున్నా, ఎఫ్‌డీలతో సహా అంతే. అంటే అలాంటి పట్టికలో ఏడు శాతం ఎక్కడ మొదలవుతుందో సరిగ్గా అక్కడే బీమా ఆగిపోతుంది. అందుకే నేను ఐదు లక్షలు పెట్టండి అని కూడా అనను, ఏడాది వడ్డీ దాన్ని గీత దాటిస్తుంది. నాలుగున్నర దగ్గర ఆపండి. మిగిలింది ఇంకో బ్యాంకులో వేసుకోండి.

నన్ను మరీ పిరికివాడనుకునేవాళ్లుంటే వాళ్లు 2001 గుర్తు తెచ్చుకోవాలి. హైదరాబాదులో కృషి సహకార బ్యాంకు మూతపడిన ఏడాది అది. అప్పుడు బీమా లక్షే. 2020 మార్చిలో యెస్ బ్యాంకు మీద ఆంక్షలు పెట్టినప్పుడు యాభై వేలకు మించి తీసుకోవద్దన్నారు. రెండు వారాల్లో సర్దుకుంది, డిపాజిట్ చేసినవాళ్లెవరి సొమ్మూ పోలేదు. కానీ ఆ రెండు వారాల్లో స్థలం రిజిస్ట్రేషన్ ఉన్నవాడి సంగతి? 2021లో చట్టం సవరించాక ఆంక్షలు పడ్డ 90 రోజుల్లో బీమా సొమ్ము చేతికి రావాలి. మంచిదే. ఆ తొంభై రోజులకూ ఇంట్లో బియ్యం, మందులు వేరే ఖాతా నుంచి రావాలి.

వడ్డీ లెక్క గట్టే పద్ధతి గురించి కాస్త చెప్పనివ్వండి, నాకు ఇష్టమైన విషయం ఇది. 2010 ఏప్రిల్ ముందు పదో తారీకు నుంచి నెలాఖరు దాకా ఖాతాలో ఏ రోజు అతి తక్కువ నిల్వ ఉంటే దాని మీదే నెల వడ్డీ. ఇరవై ఏడో తారీకున రెండు లక్షలు తీస్తే ఆ నెల వడ్డీ ఆ రెండు లక్షల మీద గాలికి పోయినట్టే. మా కౌంటరు దగ్గర తొమ్మిది, పది తారీకుల్లో జమ చేసేవాళ్ల వరస, ఒకటో తారీకున తీసుకునేవాళ్ల వరస చూసి ఎవరికి లెక్క తెలుసో చెప్పేవాళ్లం. 2010 ఏప్రిల్ 1 నుంచి బ్యాంకుల్లో ప్రతిరోజూ సాయంత్రం నిల్వ మీద వడ్డీ. పోస్టాఫీసు పొదుపు ఖాతాలో మాత్రం ఇప్పటికీ పాత పదో తారీకు పద్ధతే. దాని రేటు 4 శాతం, పెద్ద బ్యాంకుల కంటే మేలే, కానీ కదలకుండా పడి ఉండే డబ్బుకే అది పనికొస్తుంది.

రోజువారీ లెక్క వల్ల మిర్చి రైతుకు లాభం ఉంది. పంట అమ్మిన మూడు లక్షలు ఏప్రిల్లో వచ్చి జూన్ చివరికి విత్తనాలకూ కౌలుకూ పోతాయనుకోండి. 91 రోజులు. రెండున్నర శాతంలో దాదాపు 1,870 వస్తాయి. నేను చెప్పిన మెట్ల పట్టికలో అయితే 3,240. ఆ తేడా ఒక ఎరువు బస్తాకు సాయం. కూరగాయలాయనకు లేని లాభం ఈయనకు ఉందన్నమాట.

ఇక ఆన్‌లైన్లో తెరవడం. మా అబ్బాయి ఆధార్ ఓటీపీ ఒక్కటీ కొట్టి ఐదు నిమిషాల్లో ఖాతా తెరిచి నాకు గొప్పగా చూపించాడు. ఏ బ్యాంకో చెప్పను. కొన్నాళ్లకు స్థలం అమ్మిన సొమ్ము వేయబోతే జమ కాలేదు. ఓటీపీతో తెరిచిన ఖాతాకు లక్షకు మించి నిల్వ ఉండకూడదు, ఏడాది మొత్తం జమలు రెండు లక్షలు దాటకూడదు, ఏడాదిలోపు పూర్తి కేవైసీ, అంటే మీరెవరో బ్యాంకు పూర్తిగా సరిచూసుకోవడం, జరగకపోతే ఖాతా నడవదు. ఎక్కువ వడ్డీ కోసం తెరిచేవాడికి ఇది పనికిరాని ఖాతా. 2020 జనవరి నుంచి వీడియో కేవైసీ ఉంది. అసలు పాన్ కార్డు కెమెరాకు చూపించి, బ్యాంకు ఉద్యోగితో మాట్లాడితే పూర్తి ఖాతాయే. ఆ సమయంలో మీరు మన దేశంలో ఉండాలి. డల్లాస్ నుంచి మా వదిన కొడుకు ప్రయత్నించి లాభం లేక ఊరుకున్నాడు. అతనికి కావాల్సింది విదేశాల్లో ఉండే మనవాళ్లకిచ్చే ఎన్ఆర్ఈ, ఎన్ఆర్వో ఖాతాలు, అది వేరే రోజు మాట్లాడుకుందాం.

యాప్ వేరు, బ్యాంకు వేరు. రంగురంగుల యాప్‌లు కొన్నిటి వెనక లైసెన్సున్న బ్యాంకు ఉంటుంది, మీ సొమ్ము దాని దగ్గర ఉంటుంది. ఖాతా ఏ బ్యాంకులో ఉందో, ఐఎఫ్‌ఎస్‌సీ, అంటే బ్యాంకు శాఖను గుర్తించే కోడ్, ఎవరిదో చూడండి. కనబడకపోతే ఫోన్ జేబులో పెట్టేయండి. బ్యాంకుల వెబ్‌సైట్లన్నీ 2025 అక్టోబరు చివరికల్లా డాట్ బ్యాంక్ డాట్ ఇన్ చిరునామాకు మారాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. వాట్సాప్‌లో వచ్చిన లింకులో వెబ్‌సైటు పేరు చివర ఆ మాటలు లేకపోతే తెరవకండి. మోసపోయామని తెలిసిన క్షణమే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి, సాయంత్రం చేద్దాంలే అనుకోవద్దు.

పన్ను సంగతి క్లుప్తంగా. పొదుపు ఖాతా వడ్డీ మీద బ్యాంకు టీడీఎస్ కోయదు, అంటే పన్ను ముందే పట్టుకోదు, కాబట్టి చాలామంది మరిచిపోతారు. రిటర్నులో చూపించాలి. పాత ఆదాయపు పన్ను విధానంలో ఉన్నవారికి పదివేల వడ్డీ వరకు, అరవై దాటినవారికి ఎఫ్‌డీలతో కలిపి యాభై వేల వరకు మినహాయింపు. కొత్త విధానంలో రెండూ లేవు.

కూరగాయలాయన పాత ఖాతాలోనే ఉన్నాడు. రోజువారీ వాడకానికి ఒక పదిహేను వేలు ఉంచుకుని, మిగతాది ఏడాది ఎఫ్‌డీ చేయించాను. అదే బ్యాంకులో, రెండున్నర కంటే ఎక్కువే వస్తుంది. నామినీగా ఎవర్ని రాయాలంటే, భార్య పేరు ఒక్కటే రాయించాడు. "నలుగురి దాకా రాయొచ్చంట కదా సార్ ఇప్పుడు" అన్నాడు తర్వాత. నిజమే, 2025 నవంబరు నుంచి రాయొచ్చు. మిగిలిన ముగ్గురూ ఎవరయ్యా అంటే, "ఆలోచించుకుని చెబుతా" అని నవ్వాడు. ఇంకా చెప్పలేదు.

ప్రశ్నలుంటే అడగండి. ముందుగా కిటికీ దగ్గర కూర్చున్న అమ్మ, ఇందాకటి నుంచీ చెయ్యి ఎత్తే ఉంచారు.