ఎస్ సార్ అన్నదెవరు?

శ్రోతలకు నమస్కారం.

నేను మూడో తరగతిలో ఉండగా ఒకరోజు మా బడికి ఇన్‌స్పెక్టరు గారు వస్తున్నారని కబురొచ్చింది. మా మాస్టారికి ఒకటే టెన్షన్. హాజరు పట్టీలో పేర్లు ఎక్కువ, చాపల మీద పిల్లలు తక్కువ. నన్ను ఇంటికి పరుగెత్తించి మా తమ్ముణ్ణి పట్టుకు రమ్మన్నారు. వాడికి నాలుగేళ్ళు, ఇంకా పలకైనా పట్టలేదు. వాణ్ణి వెనక వరసలో కూర్చోబెట్టి, ఫలానా పేరు పిలవగానే "ఎస్ సార్" అనాలని నేర్పారు. వాడు ఎంత బాగా నేర్చుకున్నాడంటే, ఇన్‌స్పెక్టరు గారి ముందు పిలిచిన ప్రతి పేరుకీ "ఎస్ సార్" అన్నాడు.

ఈ రోజు నేను చెప్పబోయే బడి అమెరికాలోది. ఒహాయో రాష్ట్రంలోది. కథ మాత్రం మా తమ్ముడిదే అనుకోండి, కాకపోతే డాలర్లలో.

ముందు రెండు ముక్కల్లో సంగతి చెప్తాను. అమెరికాలో చార్టర్ స్కూళ్ళని ఉంటాయి. ఫీజు ఉండదు, డబ్బు ప్రభుత్వానిది, నడిపేది వేరే బోర్డు. 1991లో మిన్నెసోటా రాష్ట్రం మొదటి చట్టం చేసింది. మామూలు సర్కారు బడికున్న నియమాలు కొన్ని సడలిస్తారు, కొత్త పద్ధతుల్లో చదువు చెప్పుకోమంటారు. ఆలోచన మంచిదే, బాగా నడుస్తున్న బడులూ ఉన్నాయి. డబ్బు మాత్రం తలల లెక్కన వస్తుంది. ఎంతమంది పిల్లలుంటే అంత సొమ్ము. ఈ మాట గుర్తు పెట్టుకోండి, మళ్ళీ వస్తాను.

2000 సంవత్సరంలో ఒహాయో రాజధాని కొలంబస్ కేంద్రంగా ఒక చార్టర్ స్కూలు మొదలైంది. పేరు ఎలక్ట్రానిక్ క్లాస్‌రూమ్ ఆఫ్ టుమారో. అంటే రేపటి తరగతి గది. అందరూ ఈకాట్ అనేవారు. పిల్లలు బడికి రానక్కర్లేదు, ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుంటే చాలు. కరోనాలో మనమందరం చూసిన ఆన్‌లైన్ క్లాసు వాళ్ళకి ఇరవై ఏళ్ళ ముందే వచ్చిందన్నమాట. జబ్బుతో ఇంటిపట్టునే ఉండే పిల్లలకి, బడిలో తోటివాళ్ళ వేధింపు పడలేని పిల్లలకి అది నిజంగా ఆసరా అయింది. అది కాదనలేం.

మరి హాజరు ఎవరు తీసుకుంటారు? బడే తీసుకుంటుంది. సొమ్ము అందుకునేదీ బడే.

మొదటి ఏడే రాష్ట్ర ఆడిట్‌లో ఒక సంగతి బయటపడింది. ఒక నెలలో 2,270 మంది పిల్లలున్నారని ఆ బడికి డబ్బు అందింది. ఆ నెలలో కంప్యూటర్‌లో లాగిన్ అయిన పిల్లలెందరో తెలుసా? ఏడుగురు. నేను తప్పు చదవడం లేదండీ. 2,270 మందికి ఏడుగురు.

అక్కడితో ఆగిపోయి ఉండాలి కదా? ఆగలేదు. ఆ బడి ఇంకో పదిహేడేళ్ళు నడిచింది, రాష్ట్రంలోనే పెద్ద చార్టర్ స్కూలైంది. మొత్తం మీద దానికి ముట్టిన ప్రభుత్వ సొమ్ము దాదాపు 100 కోట్ల డాలర్లు. ఎందుకు ఆగలేదంటే ఒక్క కారణం చెప్పలేం. స్థాపకుడు విలియం లేగర్ రాజకీయ నాయకులకి పెద్ద ఎత్తున విరాళాలిచ్చారని అక్కడి పత్రికలు రాశాయి. ఇంకోటి నాకు మరీ విడ్డూరంగా తోచింది. ఒహాయోలో ప్రతి చార్టర్ స్కూలుకీ స్పాన్సర్ అని పర్యవేక్షించే సంస్థ ఒకటుంటుంది. ఆ సంస్థ తన ఫీజు కింద బడికొచ్చే రాష్ట్ర నిధుల్లో నూటికి మూడు డాలర్ల దాకా తీసుకోవచ్చు. అంటే పట్టీలో తలలు పెరిగితే, పట్టీని చూడాల్సిన వాళ్ళ ఫీజు కూడా పెరుగుతుంది! మా ఇన్‌స్పెక్టరు గారికి పిల్లల లెక్కన జీతం ఇచ్చి ఉంటే మా తమ్ముడికి ఆ రోజే ప్రమోషన్ వచ్చేది.

2016లో రాష్ట్ర విద్యాశాఖ పట్టు పట్టింది. పేర్లు కాదు, గంటలు చూపించండి అంది. అక్కడ పిల్లవాడికి ఏడాదికి 920 గంటల చదువు ఉండాలి, రోజుకి అయిదు గంటల చొప్పున. లాగిన్ వివరాలు తీసి చూస్తే చాలామంది పిల్లలు రోజుకి గంట సేపు ఉంటే గొప్ప. బడి చెప్పిన పిల్లల లెక్క 15,300 పైచిలుకు. ఆధారం దొరికిన లెక్క 6,300 చిల్లర. మిగతా 9,000 మందికి సొమ్ముంది, రుజువు లేదు.

బడి కోర్టుకెళ్ళింది. వాళ్ళ వాదన వినండి. పాఠాలు అందుబాటులో పెట్టడం వరకే మా బాధ్యత, పిల్లవాడు ఎంతసేపు చదివాడన్నది చూపించాలని ఒప్పందంలో లేదు. మన మాటల్లో చెప్పాలంటే, విస్తరి వేశాం, వడ్డించాం, తిన్నదీ లేనిదీ మాకనవసరం, బంతికి ఇంత చొప్పున డబ్బు కట్టండి.

2017 జూన్‌లో రాష్ట్ర విద్యామండలి 6 కోట్ల డాలర్లు వెనక్కి కట్టమంది. ఆ తర్వాతి ఏడు లెక్క కూడా కలిపితే అది 8 కోట్ల దాకా పోయింది. 2018 జనవరిలో స్పాన్సర్ తప్పుకుంది, బడి మూతపడింది. చదువుల ఏడాది సగంలో దాదాపు 12,000 మంది పిల్లలు వేరే బడి వెతుక్కున్నారు. ఆ ఆగస్టులో ఒహాయో సుప్రీంకోర్టు, నలుగురు ఒకవైపు ఇద్దరు ఒకవైపుగా, విద్యాశాఖ గంటల లెక్క అడగడం సబబేనని తేల్చింది. తీర్పొచ్చేసరికి బడి లేదు.

ఇక్కడ నన్ను పట్టుకున్న విషయం హాజరు కాదు, ఇంకోటి. ఈకాట్ లాభాపేక్ష లేని సంస్థ. కానీ దాన్ని నడిపే పని ఒక ప్రైవేటు కంపెనీది, పాఠాల సాఫ్ట్‌వేర్ అమ్మింది ఇంకో ప్రైవేటు కంపెనీ. రెండూ ఆ స్థాపకుడివే. ఇన్నేళ్ళలో ఆ రెండిటికీ వెళ్ళింది 20 కోట్ల డాలర్లకి దగ్గర. బడి పద్దులు ఆడిటరు చూస్తాడు. సొమ్ము బడి గుమ్మం దాటి ఆ కంపెనీలోకి వెళ్ళాక అక్కడ ఏమైందన్నది జనం కంట పడదు. ఎడమ జేబులోంచి కుడి జేబులోకి. ఎడమ జేబుకి మాత్రమే ఆడిట్.

మా మేనకోడలు కొలంబస్ పక్కనే ఉంటుంది. మొన్న పిల్లవాణ్ణి ఒక చార్టర్ స్కూల్లో వేయాలనుకుని ఫోన్ చేసింది. "మామయ్యా, బిల్డింగ్ బాగుంది, టీచర్లు బాగా మాట్లాడారు" అంది. బిల్డింగ్ సంగతి తర్వాత చూద్దాం తల్లీ, ఆడిట్ రిపోర్టు చూశావా అన్నాను. ఒహాయోలో ఈ బడుల ఆడిట్ రిపోర్టులు స్టేట్ ఆడిటర్ వెబ్‌సైట్‌లో ఎవరైనా తీసి చూసుకోవచ్చు. అమెరికాలో మీ పిల్లలో, మనవలో ఉంటే వాళ్ళకీ ఇదే చెప్పండి. ముందు పేజీల్లో అంకెల పట్టికలుంటాయి, వాటితో కుస్తీ పట్టొద్దు. ఆ పట్టికల వెనక వివరణలుంటాయి. అందులో 'రిలేటెడ్ పార్టీ' అన్న మాట వెతకండి. అంటే బడి వాళ్ళు తమ వాళ్ళతోనే చేసుకున్న లావాదేవీలు. బడి భవనం అద్దె ఎవరికి పోతోంది, నడిపే కంపెనీ ఎవరిది, బోర్డులో కూర్చున్నదెవరు, ఒకే పేరు రెండు చోట్ల వస్తోందా?

వారం తర్వాత మేనకోడలు మళ్ళీ ఫోన్ చేసింది. అరవై పేజీలట, ఆ ఒక్క మాటా వెతికిందట, ఒక పేరు దొరికిందట. ఆ పేరు గురించి అడగడానికి బోర్డు మీటింగ్ ఎప్పుడని స్కూలుకి మెయిల్ పెట్టింది. జవాబు ఇంకా రాలేదు.